ఎండుచేప వంటకాలు

ఎర్మెలిందా తన నవలలో మొదటి అధ్యాయం చదివి వినిపించిన రోజున బిబియానా అత్త పూటకూళ్ల ఇంట్లో కళాసీలందరూ హాయిగా నిద్రపోయారు.

ఆదివారం మధ్యాహ్నం. అందరూ మొక్కజొన్నా చిక్కుళ్లూ వేసి ఉడికించిన కషూపా కడుపు నిండా తిన్నారు. బయట రోటర్‌డామ్ రేవు మీద సన్నటి వాన పడుతోంది. అసలే కునుకు ముంచుకొచ్చే వేళ. అయినా తప్పు వానదీ కాదు, కుండలోని మొక్కజొన్నదీ కాదని ఎర్మెలిందాకి తెలుసు. వంటింటి గట్టు మీద, అంట్లు తోమగా మిగిలిన తీరికంతా పోసి రాసుకున్న కాగితాలవి. సావో టోమే దీవిలోని కోకో తోటల్లో పోర్చుగీసు దొరలు తన దీవుల జనాన్ని తీసుకుపోయి ఎలా పిండుకున్నారో ప్రపంచానికి చెప్పాలని రాసింది. ప్రపంచం మాట దేవుడెరుగు, బల్లకి అటువైపు కూర్చున్న సిల్వేరియో కళ్లే రెండో పేజీకి మూతలు పడ్డాయి.

"ఆ దుర్భర దాస్యతిమిరమున నిస్సహాయ జనావళి హాహాకారములు దిగంతముల ప్రతిధ్వనించుచుండ…" అని ఆమె చదువుతోంది.

"ఎవరే ఈ తిమిరం?" అన్నాడు సిల్వేరియో కళ్లు తెరవకుండానే. "మన దీవి వాడేనా?"

మెలకువగా ఉన్న ఒకరిద్దరు పకపకా నవ్వారు. ఆ నవ్వుకి మిగతావాళ్లు ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలియకపోయినా తామూ నవ్వారు. సిల్వేరియో ఒక సరుకుల ఓడలో వంటవాడు. తన మాటకి ఎవరో ఒకరు నవ్వకపోతే వాడికి తిండి సయించదు.

ఎర్మెలిందా ముఖం జేవురించింది. కాగితాలు పోగుచేసుకుని లేవబోయింది.

"కూర్చోవే పిల్లా," అన్నాడు ఫోర్తునాతో మావయ్య, మూలనుంచి. ముసలాయన. బతుకంతా ఓడల అడుగున బొగ్గు ఎగదోసి ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఇప్పుడు మనవాళ్ల నాట్యాలకి ఫిడేలు వాయిస్తూ ఈ ఇంట్లోనే కాలం గడుపుతున్నాడు. వయసులో ఉండగా ఆయన కూడా ఆ కోకో తోటల్లో పడి లేచినవాడే. "నువ్వు చదివినదాంట్లో ఎవడో మీ నాన్నని కొట్టాడు కదా. ఆ కొట్టినవాడి పేరేంటి?"

"పేరు రాయలేదు మావయ్యా. 'క్రూరుడైన పర్యవేక్షకుడు' అని రాశాను."

"పేరు లేనివాడు ఎవణ్ని కొడతాడే? పేరు లేదు, ముఖం లేదు. గాలి కొట్టిందా మీ నాన్నని?"

"పేరు బల్తజార్," అంది ఎర్మెలిందా ఉక్రోషంగా. "బానకడుపు ముందుకి తోసుకుని, పాదాలు రెండూ చెరో వైపుకి విసురుతూ నడిచేవాడు. నడుముకి తాళంచెవుల గుత్తి. నాలుగడుగులు వేసి, జలుబు చేసినవాడిలా ఒకసారి ముక్కు ఎగబీల్చేవాడు. వాడొస్తున్నాడని చూడకుండానే తెలిసిపోయేది మాకు. గలగలా, గలగలా, హుస్సు! గలగలా, గలగలా, హుస్సు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకి వినపడలేదు. మాట అప్పటికే బడిలో నేర్చుకున్న పోర్చుగీసులోంచి జారి, అమ్మ దగ్గర నేర్చుకున్న ఇంటి భాషలో పడింది.

"మా నాన్న లోరెన్సో ఏం చేసేవాడో తెలుసా? వాడు మా వరస దాటగానే కాయలు కోసే కత్తి నడుముకి దోపుకుని, వాడి వెనకాలే అచ్చం వాడిలా నడిచేవాడు. అదే కడుపు, అదే ముక్కు. కోతకొచ్చిన వాళ్లంతా పెదాలు కొరుక్కుని నవ్వు ఆపుకునేవాళ్లు. మా అమ్మ కళ్లతోనే తిట్టేది. ఒకరోజు నేను చిన్నదాన్ని, ఆపుకోలేక పైకే నవ్వేశాను. వాడు వెనక్కి తిరిగాడు."

ఎర్మెలిందా తన అరచేతులు రెండూ చాచి చూపించింది.

"చిల్లుల చెక్కతో అరచేతుల మీద కొట్టారు నాన్నని. చిల్లులు ఎందుకో మీకు తెలుసుగా, చర్మం అందులోకి లాక్కుంటుంది. రొట్టెముద్దల్లా ఉబ్బిపోయాయి చేతులు. నేను నవ్వినందుకే అని రాత్రంతా ఏడ్చాను. తర్వాత వారం బల్తజార్ మళ్లీ వచ్చాడు. గలగలా, గలగలా, హుస్సు. వాడు అటు తిరగ్గానే, చేతులకి అరటినార చుట్టుకున్న మా నాన్న లేచాడు. ఆ కట్లు కట్టిన చేతుల్నే నడుము దగ్గర తాళంచెవుల్లా వేలాడేసుకుని వాడి వెనకాల నడిచాడు. నా వంక చూసి, 'నవ్వవే, ఈసారి లోపల నవ్వు' అన్నాడు."

ఆమె ఆగేసరికి సిల్వేరియో కళ్లు తుడుచుకుంటున్నాడు. నవ్వి తుడుచుకుంటున్నాడో ఏడ్చి తుడుచుకుంటున్నాడో వాడికే తెలియనట్టుంది. వంటింటి గుమ్మంలో బిబియానా అత్త గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనకాల పొయ్యి మీద పాయసం మాడు వాసన వేస్తోంది. భారీ మనిషి, భారీ గొంతు. ఆ ఇంట్లో ఏ ఓడ సరంగు మాటా ఆమె మాట ముందు చెల్లదు.

"ఇది ఎందుకు రాయలేదే మరి?" అని గద్దించింది.

"ఇది నవ్వులాట కదత్తా! దొరల అన్యాయం గురించి రాస్తూ మధ్యలో నవ్వులేంటి?"

ఫోర్తునాతో మావయ్య ముందుకి వంగాడు. "మేమక్కడ నవ్వలేదనుకున్నావా? నవ్వకపోతే తెల్లారి కత్తి చేత పట్టేవాళ్లమే కాదు. ఆ ఏడుపు దొరలు పెట్టింది. ఆ నవ్వు మాది. వాళ్లది రాసి మాది వదిలేస్తావా పిల్లా?"

ఆ సాయంత్రం మాడిన పాయసమే అందరూ తిన్నారు. ఎవరూ వంక పెట్టలేదు.

*

ఎర్మెలిందా పుట్టింది సావో నికొలావ్ దీవిలో. వరసగా వానలు ఎగ్గొట్టి కరువొచ్చిన ఏడు, మేకలు చచ్చాక, తాత చచ్చాక, తోటల ఏజెంటు ఊళ్లోకి వచ్చాడు. వేలిముద్ర వేస్తే ఓడెక్కించి తీసుకెళ్తామని, నాలుగేళ్లు పనిచేసి డబ్బు మూటతో తిరిగి రావచ్చని చెప్పాడు. లోరెన్సో పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని ఓడెక్కాడు. నాలుగేళ్లు ఆరయ్యాయి, ఆరు ఎనిమిదయ్యాయి. పురుగు పట్టిన ఎండుచేపలకీ, చిరిగిన గుడ్డలకీ కూలి చెల్లుకు చెల్లయింది. ఆ తోటలోనే లోరెన్సో జ్వరంతో పోయాడు. తల్లీకూతుళ్లు ఉత్త చేతులతో దీవికి తిరిగొచ్చారు. తల్లి గిల్యెర్మీనా కూతుర్ని ఫాదరీ బడికి పంపింది. అక్కడ నేర్చిన చదువుతో ఎర్మెలిందా డాకర్‌లో దొరసాని ఇంట పిల్లల్ని ఆడించి, మేనమామ కొడుకు పనిచేసే ఓడ పుణ్యమా అని రోటర్‌డామ్ చేరి, బిబియానా అత్త వంటింట్లో ఉల్లిపాయలు తరగడానికి కుదురుకుంది.

పుస్తకమంటే బడిలో చూసిన పుస్తకంలా ఉండాలని ఆమె నమ్మకం. అందులో ఎవరూ తుమ్మరు, దగ్గరు, ఎవరి నాన్నా దొర వెనకాల కోతివేషాలు వెయ్యడు. ఆ ఆదివారం తర్వాత మాత్రం మొదటి పేజీ తీసి మళ్లీ మొదలుపెట్టింది. కథ చెప్పడానికి బడి భాషనే ఉంచింది గాని, నడ్డి విరిచి నేల మీద కూర్చోబెట్టింది. మనుషులు మాట్లాడుకునే చోట ఇంటి భాషే పెట్టింది. ఇంటి భాషని అచ్చులో చూసినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. అది వంటింటికీ తిట్లకీ పాటలకీ తప్ప రాతకి పనికిరాదని ఫాదరీలే చెప్పేవాళ్లు.

ఆదివారం ఆదివారం చదివి వినిపించేది. ఇప్పుడు ఎవరూ నిద్రపోలేదు. పైగా మధ్యలో అడ్డం పడేవాళ్లు.

"ఆగాగు. ఆ ఏజెంటు నవ్వుతూ వేలిముద్ర వేయించుకున్నాడన్నావు. వాడి పళ్ల గురించి చెప్పవేం? మా ఊరొచ్చినవాడికి బంగారుపన్ను ఉండేది."

"మీ ఊరొచ్చినవాడు కాదురా, మా ఊరొచ్చినవాడు."

"ఏజెంటన్నాక బంగారుపన్ను ఉండాల్సిందే. పెట్టు పెట్టు!"

ఎర్మెలిందా బంగారుపన్ను పెట్టింది. కొందరు ఓడెక్కి వెళ్లిపోయేవాళ్లు. నెలల తర్వాత సంచీ భుజాన వేసుకుని తిరిగొచ్చి, చెప్పులు విప్పకముందే "లోరెన్సోకి జ్వరం తగ్గిందా?" అని అడిగేవాళ్లు. తగ్గదని ఆమెకి తెలుసు. చెప్పడానికి నోరు రాక, "ఇంకా రాయలేదన్నా" అనేది. చివరికి ఆ అధ్యాయం చదివిన ఆదివారం ఫోర్తునాతో మావయ్య ఫిడేలు తీసి, నెమ్మదిగా దీవుల దిగులుపాట మోర్నా ఒకటి వాయించాడు. అది అయ్యాక ఎవరూ అడక్కుండానే వేగం పెంచి గంతులేయించే పాటలోకి మళ్లాడు. బిబియానా అత్త సిల్వేరియోని లాక్కెళ్లి బల్లల మధ్య నాట్యం చేసింది. చచ్చిపోయిన మనిషికి అంతకంటే మంచి సాగనంపు తన నాన్న ఎరిగిన ఏ దీవిలోనూ జరగదనిపించింది ఎర్మెలిందాకి.

*

పుస్తకం పూర్తయ్యాక ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ప్రచురణకర్తకి పంపింది. లిస్బన్‌లో కొన్నాళ్లుండి పోర్చుగీసు నేర్చినవాడు. రమ్మని కబురు పెట్టాడు. బిబియానా అత్త తన పెళ్లినాటి కోటు వేసి పంపింది. ఆ కోటులో ఎర్మెలిందాలు ఇద్దరు పడతారు.

ఆయన మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు, బిస్కెట్టు ఇచ్చాడు.

"చాలా బాగుందండీ," అన్నాడు. "చిన్న చిన్న మార్పులు చేద్దాం. మా పాఠకులు తమవాడు అనుకోవడానికి ఒక మనిషి కావాలి. మంచి మనసున్న ఒక డచ్చి ఫాదరీ ఆ తోటకి వచ్చాడనుకోండి, ఈ అన్యాయం చూసి చలించిపోయాడనుకోండి."

"మా తోటకి ఏ డచ్చి ఫాదరీ రాలేదండీ."

"నవల కదా, వస్తాడు. ఇక రెండోది. మీ నాన్నగారి హాస్యం కాస్త తగ్గించాలి. కష్టాల్లో ఉన్నవాళ్లు ఇలా జోకులేస్తే పాఠకుడు నమ్మడు. ఆయన పదో పేజీలోనే పోతే ఇంకా బలంగా ఉంటుంది."

ఎర్మెలిందా బిస్కెట్టు పళ్లెంలో పెట్టేసింది. "మా నాన్న పదో పేజీలో పోతే మిగతా పేజీల్లో మమ్మల్ని ఎవరండీ నవ్విస్తారు? మీ ఫాదరీనా?"

ఆయన చిన్నబోయాడు. ఆమె కాగితాల కట్ట చంకన పెట్టుకుని బయటికి నడిచింది. రైలెక్కేదాకా ధైర్యంగానే ఉంది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ పెద్దకోటులో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మోటుగా మాట్లాడానా? ఉన్న ఒక్క తలుపూ నేనే మూసుకున్నానా? ఫాదరీని పెడితే ఏం పోయేది, మూలన ఎక్కడో నిలబెడితే సరిపోయేదేమో?

ఇంటికొచ్చి ఇదే మాట అంటే బిబియానా అత్త నడుం మీద చేతులేసుకుంది.

"ఫాదరీని పెడతావా? సరే పెట్టు. తర్వాత ఆయనకి భోజనం ఎవరు పెడతారు? ఆ తోటలో మీకే తిండి లేదు కదే!"

ఎర్మెలిందా ఏడుస్తూనే నవ్వేసింది.

"మన నాట్యాలకి గోడకాగితాలు అచ్చేసేది ఎవరు?" అని అడిగింది బిబియానా అత్త.

"కోర్నెలిస్ తాత."

"మరి? గోడకాగితం అచ్చేసేవాడు పుస్తకం అచ్చేయలేడా? అది కాస్త చిన్నది, ఇది కాస్త పెద్దది. అంతేగా తేడా!"

*

కోర్నెలిస్ తాత అచ్చాఫీసు కాలవ ఒడ్డున సగం నేలలోకి దిగి ఉంటుంది. డచ్చివాడు, సన్నగా ఎండిన మనిషి. పెళ్లాం పోయాక యంత్రంతోనే మాట్లాడటం అలవాటైంది. ఎర్మెలిందా చెప్పినదంతా విని, కాగితాలు వెలుగులో పెట్టి తిప్పి చూశాడు.

"ఒక్క ముక్క అర్థం కాదు నాకు."

"మీకు అర్థం కానక్కర్లేదు తాతా. అక్షరాలు పేరిస్తే చాలు."

"అర్థం కాకపోతే తప్పులెలా తెలుస్తాయి? మీ అక్షరాల నెత్తి మీద ఈ వంకర గీతలేంటి? వానపాముల్లా ఉన్నాయి. నా దగ్గర ఇన్ని లేవు."

"ఎన్నున్నాయి?"

"ఒక పేజీకి సరిపడా. పేజీ అచ్చేసి, విప్పి, మళ్లీ ఇంకో పేజీకి వాడాలి." కాసేపు ఆలోచించాడు. "నా దగ్గరికి పెళ్లిపిలుపులూ నాట్యాల కాగితాలూ తప్ప ఇంకేం రావు. పుస్తకం వేసి చాలా కాలమైంది. ఎప్పుడు మొదలెడదాం?"

ఖర్చుల కోసం ఫోర్తునాతో మావయ్య ఫిడేలు పట్టుకుని, ఒక హాలు మాట్లాడి, టిక్కెట్టు పెట్టి పెద్ద నాట్యం పెట్టించాడు. రేవులో ఉన్న మనవాళ్లంతా వచ్చారు. మన దీవులవాళ్లే కాదు, నాట్యమంటే చెవి కోసుకునే స్పెయిను వాళ్లూ వచ్చారు. కాగితానికీ సిరాకీ సరిపోగా, ఇంకో పీపా సారాకి కూడా వచ్చింది.

ఇక పేచీ అట్ట దగ్గర వచ్చింది. దీవుల్లో రహస్య పోలీసులున్నారు. ఇలాంటి పుస్తకం రేవులో దొరికితే తెచ్చినవాడికీ జైలే, చదివినవాడికీ జైలే. అలాగని ఇక్కడ అచ్చేసి ఇక్కడే చదువుకోవడానికి కాదుగా రాసింది.

"వంటల పుస్తకం అని అచ్చేయండి," అంది బిబియానా అత్త. "వంటల పుస్తకం ఏ పోలీసోడూ విప్పడు. వాడికి వండిపెట్టేవాళ్లు ఇంట్లో ఉంటారు."

అలా అట్ట మీద 'ఎండుచేప వంటకాలు, ఇల్లాళ్లకు కొత్త పద్ధతులు' అని పడింది. ఎవరైనా మొదటి పేజీలు తిప్పినా అనుమానం రాకుండా కొన్ని వంటలు నిజంగానే పెట్టాల్సి వచ్చింది. ఆ పని సిల్వేరియోకి అప్పగించారు. వాడు మీసం దువ్వుకుని, తన జన్మ ఇప్పటికి సార్థకమైందన్నట్టు చెప్పుకుపోయాడు. ఎర్మెలిందా రాసింది. 'రచన: అనుభవజ్ఞుడైన ఒక ఓడ వంటవాడు' అని అట్ట మీద వేయించుకున్నాడు కూడా. ఆమె పేరు ఎక్కడా లేదు. దీవిలో తల్లి ఒక్కతే ఉంది, పోలీసులు ఆమె గడప తొక్కకూడదు. పేరు లేకపోతే ఏం, పుస్తకం ఉంది కదా అని సర్దిచెప్పుకుంది.

అచ్చయిన కాగితాలు చెక్కబండి మీద బిబియానా అత్త ఇంటికి వచ్చాయి. భోజనాల బల్లలన్నీ ఒకదానికొకటి ఆనించి వరసగా వేశారు. ఓడతాళ్లు పేని పేని మొద్దుబారిన వేళ్లతో కళాసీలు కాగితాలు మడిచారు. తెరచాపలు కుట్టే సూదితో ఆడవాళ్లు కుట్టారు. ఒకడు మడుస్తూ మడుస్తూ చదవడం మొదలెడితే పక్కవాడు మోచేత్తో పొడిచేవాడు. "పని చెయ్యరా, కొని చదువుకో!" కోర్నెలిస్ తాత కూడా గోడవారగా కూర్చుని జిగురు రాస్తున్నాడు. జనం మధ్య ఆయన కూర్చుని ఎన్నేళ్లయిందో! బిబియానా అత్త ఆయన పళ్లెం ఖాళీ కానివ్వలేదు.

మొదటి పుస్తకం ఎర్మెలిందా చేతికిచ్చారు. విప్పింది. తన నాన్న నడక అచ్చులో ఉంది. గలగలా, గలగలా, హుస్సు. మూసి గుండెకి ఆనించుకుని, ఎవరైనా చూస్తారని వంటింట్లోకి పోయింది. అంతలోనే వెనక్కి వచ్చి అందరి ముందూ గట్టిగా నవ్వింది.

*

సిల్వేరియో ఓడ దక్షిణానికి పోతూ ఇంధనం నింపుకోవడానికి తమ దీవుల్లోని మిందేలో రేవులో ఆగుతుంది. అక్కడ సెలవు పెట్టి ఎర్మెలిందా వాళ్ల దీవికి పోయి వస్తానని, పుస్తకాల పెట్టె తన వంటింట్లో బంగాళాదుంపల కింద పెట్టుకుని బయల్దేరాడు. వాడు వెళ్లాక ఎర్మెలిందాకి నిద్ర పట్టలేదు. ఉత్తరం రాయడానికి లేదు, విప్పి చదువుతారు. పూటకూళ్ల ఇంటికి కొత్తముఖం ఎవరొచ్చినా ఆమె చేతిలో గిన్నె దించి గుమ్మం వైపు చూసేది. అమ్మని స్టేషనుకి లాక్కెళ్లారేమో! రాయకుండా ఉండాల్సింది. ఉల్లిపాయలు తరుక్కుంటే పోయేది.

వేసవి చివర్లో ఒక మిట్టమధ్యాహ్నం వీధిలోంచి పెద్ద కేక వినిపించింది.

"అనుభవజ్ఞుడైన వంటవాడు వచ్చాడహో!"

ఇల్లంతా గుమ్మంలోకి ఉరికింది. సిల్వేరియోని కుర్చీలో కూలేసి, ముందర గ్లాసు పెట్టి చుట్టూ మూగారు.

"మా అమ్మ?" అంది ఎర్మెలిందా.

"బాగుంది, గుండ్రాయిలా ఉంది. వరసగా చెప్పనీయవే, ఎన్నాళ్లనుంచో ఉగ్గబట్టుకుని ఉన్నాను." గొంతు తడుపుకున్నాడు. "మిందేలోలో సుంకం కచేరీవాడు పెట్టె విప్పాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక పుస్తకం తీశాడు, అట్ట చూశాడు, మొదటి పేజీ తిప్పాడు. 'ఇది నువ్వే రాశావా?' అన్నాడు. 'అవునండయ్యా' అన్నాను. 'మా ఆవిడకి పనికొస్తుంది' అని ఒకటి జేబులో పెట్టుకుని పెట్టె మూసేశాడు!"

అందరూ గుండెలు పట్టుకున్నారు.

"ఆగండి. తిరుగు ప్రయాణంలో అదే రేవులో ఒకావిడ నాకోసం నిలబడి ఉంది. వాడి పెళ్లాం! నా పని అయిపోయిందనుకున్నాను. దగ్గరికొచ్చి, 'ఆ చేప పులుసులో ఉప్పు అంత వెయ్యమన్నావే, నీకు బుద్ధుందా?' అంది. 'క్షమించండమ్మా' అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, 'ఆ లోరెన్సో కూతురు తర్వాత ఏమైంది? రెండో పుస్తకం ఎప్పుడు?' అంది."

బిబియానా అత్త బల్ల మీద చరిచింది. గ్లాసులు ఎగిరాయి.

"మీ ఊళ్లో పంచిపెట్టాం," అన్నాడు సిల్వేరియో ఎర్మెలిందా వైపు తిరిగి. "చదువొచ్చినవాళ్లు నలుగురే. వాళ్లు చదువుతుంటే తక్కినవాళ్లు చుట్టూ కూర్చున్నారు. ఏ ఇంట్లో చూడు, ఎండుచేప వంటకాలే! ఫాదరీ గారు ఒకటే ఆశ్చర్యపోయారట, ఇంత బీదవాళ్లకి వంటల మీద ఈ మోజేంటని. ఆ రోజుల్లోనే తోటల ఏజెంటు వచ్చాడు. నేనక్కడే ఉన్నా, నా కళ్లతో చూశా. 'నాలుగేళ్లే, డబ్బు మూటతో వస్తారు' అని మొదలెట్టాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ, 'బాబూ, ఏదీ, ఒకసారి నోరు తెరువు' అంది. 'ఎందుకమ్మా?' అన్నాడు. 'పన్ను చూద్దామని' అంది. తెరిచాడు. ఉంది, బంగారుపన్ను! ఊరు ఊరంతా ఒకటే నవ్వు. నేల మీద పడి దొర్లారు. వాడికేమీ అర్థం కాదు. జేబులు తడుముకుంటాడు, ప్యాంటు చూసుకుంటాడు. ఎవడో వెనకాల 'హుస్సు' అన్నాడు. మళ్లీ నవ్వులు. కొందరు ఎక్కారు, కాదనను, ఆకలి అలాంటిది. కానీ వాడి పడవ సగానికి పైగా ఖాళీగా పోయింది."

గదిలో కేకలు మిన్నుముట్టాయి. ఎర్మెలిందా మాత్రం అలాగే నిలబడిపోయింది. ఆ పడవ ఖాళీ బల్లలు ఆమెకి కళ్ల ముందు కనిపిస్తున్నాయి. అందులో ఒక బల్ల మీద కూర్చోవాల్సిన పిల్ల ఎవరో ఇప్పుడు ఊళ్లోనే మేకల్ని తోలుకుంటోంది.

"మా అమ్మ విందా?"

సిల్వేరియో మొదటిసారి కాస్త నెమ్మదించాడు. "నేనే చదివి వినిపించాను. నీ మీద కోపంగా ఉంది."

"కోపమా!"

"'ఓడ దిగేటప్పుడు నేను ఏడ్చానని రాసిందట. నేనెక్కడ ఏడ్చాను? దాని ముక్కు తుడవడానికే సరిపోయింది నాకు' అంది. తర్వాత మీ నాన్న నడక అధ్యాయం చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. 'చదవడం చాతకాదు నీకు, ఇలా కాదు' అని లేచింది. కర్ర పక్కన పారేసి ముంగిట్లో నడిచి చూపించింది." సిల్వేరియో లేచి నిలబడ్డాడు. కడుపు ముందుకి తోసి, పాదాలు చెరో వైపుకి విసురుతూ, బల్లల మధ్య నడిచాడు. ఏజెంటు గురించి చెప్పినప్పటిలా వెకిలిగా కాదు, ఒక ముసలావిడ జాగ్రత్తగా గుర్తుతెచ్చుకుంటూ నడిచినట్టు నడిచాడు. ఎర్మెలిందాకి బల్తజార్ కనిపించలేదు. వాడి వెనకాల నడిచినవాడు కనిపించాడు. ఆమె కళ్లు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

"ఇంకో మాట చెప్పమంది," అన్నాడు సిల్వేరియో కూర్చుంటూ. "'అట్ట మీద దాని పేరు లేదట కదా. ఎందుకు లేదు? ఎక్కడైనా దొంగిలించి తెచ్చిందా? నాకోసం భయపడుతోందేమో, నాకేం భయం లేదని చెప్పు. తోటలో బతికినదాన్ని, స్టేషనులో బతకలేనా? మొగుడి పేరు పుస్తకంలో ఉంది, కూతురి పేరు అట్ట మీద ఉండాలి' అంది."

*

రెండో అచ్చుకి కోర్నెలిస్ తాత ముందే కొత్త అక్షరాలు తెప్పించిపెట్టాడు. వంకర గీతలు ఈసారి బోలెడున్నాయి. దీవులకి పోయే వాటికి పాత అట్టే ఉంచారు. సిల్వేరియో ఉప్పు తగ్గించి రాయించాడు. ఇక్కడ రేవులోనూ పారిస్‌లోనూ డాకర్‌లోనూ అమ్మే వాటికి మాత్రం అసలు అట్ట, రాసిన మనిషి అసలు పేరు. కోర్నెలిస్ తాత ఆ పేరు తను పేర్చలేదు. సీసపు అక్షరాల పెట్టె ఎర్మెలిందా ముందుకి జరిపాడు.

"తలకిందులుగా, వెనకనుంచి ముందుకి పెట్టాలి," అన్నాడు. "నెమ్మదిగా పెట్టు, నాకేం తొందర లేదు."

ఆమె ఒక్కొక్క అక్షరమే వెతికి తీసి పెట్టింది. ఎర్మెలిందా. అక్కడితో ఆగలేదు. పక్కన తల్లి పేరు, దాని పక్కన తండ్రి పేరు. అట్టకి పట్టదేమోనని తాత తల గోక్కుని, కొలబద్ద పెట్టి చూసి, పడుతుందన్నాడు.

"ఇన్నాళ్లూ అచ్చేశాను," అన్నాడు సిరా రాస్తూ, "ఈ పుస్తకంలో ఏముందో ఎవరూ చెప్పలేదు నాకు. మీవాళ్లు మడుస్తూ మడుస్తూ ఎందుకు నవ్వారో కూడా తెలియదు."

ఎర్మెలిందా స్టూలు లాక్కుని కూర్చుంది. తనకి వచ్చిన నాలుగు డచ్చి మాటలూ కూడదీసుకుంది. "ఒక తోట ఉంది తాతా," అని మొదలుపెట్టింది. "అందులో బల్తజార్ అని ఒకడు…"

కాలవ మీద పడవ కూత పెట్టింది. తాత యంత్రం ఆపి, ఆమె ఎదురుగా కాగితాల దొంతర మీద కూర్చున్నాడు.